ఒక సైజు పెద్దదే ఇవ్వండి

భీమవరంలో నేను పేరు మరిచిపోయిన మనుషులు చాలామంది ఉన్నారు. తల మరిచిపోయిన మనిషి మాత్రం లేడు. చేపల మార్కెట్టులో ఎవరో ఎదురుపడి "రత్నంగారండీ, బాగున్నారా?" అంటారు. ముఖం చూస్తే ఎవరో తెలియదు. కొంచెం పైకి చూస్తే చాలు, "మీడియం సైజు, నుదురు వెడల్పు, కుడి చెవి మడతపడుతుంది" అని టక్కున గుర్తొస్తుంది. హెల్మెట్లు, రైడింగ్ జాకెట్లు, గ్లవుజులు అమ్మే కొట్లో కౌంటరు వెనక నిలబడి తల నెరిసిపోయినవాడికి ఇంతకంటే ఏం మిగులుతుంది చెప్పండి!

మా కొట్టున్న రోడ్డు మీదే ఇప్పుడు పెద్ద పెద్ద షోరూములు వచ్చాయి. వాటిలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు నా దగ్గరికొచ్చి, "సార్, కస్టమర్ని ఎలా ఒప్పించాలి?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, కౌంటరుకి పెద్దని ఎప్పుడయ్యాను లాంటివి రాయను. అవి మా ఆవిడే వినదు, మీరెందుకు వింటారు?

నాకు కోపం ముక్కుమీద ఉంటుందని ఊళ్ళో అంటారు. నిజమే. తనకి సరిపడనిది కొంటానని పట్టుబట్టే మనిషిని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. అమ్మేవాడికి ఓర్పు ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. ఓర్పు చొక్కాలమ్మేవాడికి ఉంటే చాలు. మనకి కొంచెం కోపం కూడా కావాలి.

అద్దం ముందు

హెల్మెట్ పెట్టుకోగానే ఎవరైనా మొదట చేసే పని అద్దం వైపు తిరగడం. తరవాత పక్కవాడిని "ఎలా ఉన్నాను?" అని అడగడం. ఎలా ఉంటారండీ? హెల్మెట్ పెట్టుకున్నాక పెళ్ళికొడుకైనా, తాతగారైనా ఒకేలా ఉంటారు. మా కొట్లో అద్దాన్ని నేను మూడుసార్లు తీయించాను, మా షావుకారుగారు మూడుసార్లూ తిరిగి పెట్టించారు.

కొత్తగా చేరినవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇది. కనుబొమ్మలకి కాస్త పైన టేపు చుట్టి తల కొలవాలి. ఆ కొలతకి తగ్గ హెల్మెట్ పెట్టించాలి. బుగ్గలు లోపలికి నొక్కుకోవాలి, మాట్లాడితే పంటికింద బుగ్గ తగిలేటంత బిగుతుగా ఉండాలి. హెల్మెట్ పట్టుకుని పక్కకి తిప్పితే ముఖం చర్మం కూడా దానితోపాటే కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగి, ముఖం ఉన్నచోటే ఉందంటే అది ఆయన హెల్మెట్ కాదు, ఇంకెవరిదో. ఆఖరున గడ్డం కింద కట్టు బిగించి, వెనకనుంచి పైకి తోసి చూడాలి. ఊడి వచ్చిందా, తిరిగి డబ్బాలో పెట్టేయండి. మనిషి పడ్డప్పుడు రోడ్డు చేసే పని కూడా అదే కదా.

జాకెట్ సంగతీ అంతే. నిలబడి చూసుకుంటే ఎవరికైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. అందుకే మేము కొట్లో ఒక పాత బండి సీటు, హ్యాండిలు బిగించి పెట్టాము. దాని మీద కూర్చోబెట్టి చేతులు ముందుకి చాపిస్తే, మోచేతి ప్యాడు మోచేతి మీదే ఉందో, మణికట్టు దగ్గరికి జారిందో అప్పుడు తెలుస్తుంది. ఎండాకాలం మన ఊళ్ళో జాకెట్టేంటండీ, ఉడికిపోతాం అంటారు. నిజమే, ఉడుకుతారు. అందుకే వల గుడ్డది చూపించండి, గాలి ఆడుతుంది. రొయ్యల చెరువుల గట్లమీద తిరిగేవాళ్ళకి చీలమండ కప్పే బూటు కూడా చూపించండి. వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, చూపించడం మాత్రం మానకండి.

మొక్కుల ప్రశ్న

నా మొదటి రోజుల్లో తిరుపతి నుంచి అప్పుడే దిగిన ఒకాయన నున్నటి గుండుతో వచ్చి హెల్మెట్ కొన్నారు. చక్కగా కొలిచి, కొలిచినట్టు ఇచ్చాను. కొన్ని నెలలకి ఆయన వచ్చి హెల్మెట్ కౌంటరు మీద ధన్‌మని పెట్టారు.

"ఏవండీ, మీ సరుకు ముడుచుకుపోతోంది. వానకి తడిసిందనుకుంటా."

"హెల్మెట్ ముడుచుకోదండీ. మీ జుట్టు పెరిగింది."

"నా జుట్టు నెత్తిమీద పెరుగుతుంది కానీ హెల్మెట్లోకి ఎందుకు పెరుగుతుందండీ?"

ఆ రింగుల జుట్టు చూస్తే నాకే భయమేసింది. షావుకారుగారు నవ్వుతూ లోపలి మెత్తలు మార్చి పంపారు.

అప్పటినుంచి తల కొలిచే ముందు అందరినీ ఒకటే అడిగేవాడిని: "దగ్గరలో మొక్కులేమైనా ఉన్నాయా అండీ?" నేను లూథరన్ చర్చికి వెళ్ళేవాడినని తెలిసినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఒక పెద్దావిడ అయితే, "చూడు నాయనా, వేరే మతమైనా ఎంత భక్తి!" అని తన కొడుకుకి నన్ను చూపించి నాలుగు చీవాట్లు పెట్టింది. ఆ కొడుకు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆడవాళ్ళు కొప్పులో మల్లెపూల దండ తీయకుండా కొలవమనేవారు. పూజ చేయించిన హెల్మెట్ అద్దానికి అడ్డంగా పసుపు పూసుకుని, "దారి మసగ్గా కనబడుతోందండీ" అని తిరిగి వచ్చినవాళ్ళున్నారు. తనకి తీరిక లేదని బావమరిది తల పంపిన ప్లీడరుగారు ఒకరున్నారు. ఇవన్నీ చిన్న తగాదాలు. అసలు తగాదా ఇంకొకటి ఉంది, అది గోదావరి నీళ్ళు తాగినవాళ్ళకే వస్తుంది.

వడ్డించేటప్పుడు ఎంత అని అడుగుతామా?

మా షావుకారుగారిది తరతరాల వ్యాపార కుటుంబం. మంచి మనిషి. ఆయన సిద్ధాంతం ఒకటే, "అడిగిందిచ్చి పంపవయ్యా రత్నం, ఆయన తలకి నీకంటే ఆయనే దగ్గర." ఈ మాట మీద మా ఇద్దరికీ వారానికోసారి యుద్ధమయ్యేది.

ఒకరోజు ఆత్రేయపురం నుంచి వీర్రాజుగారనే ఆయన వచ్చారు. పూతరేకుల వ్యాపారం. తెల్లటి పంచె, భుజం మీద కండువా, చేతిలో పూతరేకుల డబ్బా. బేరం మొదలెట్టకముందే డబ్బా విప్పి మా అందరి చేతుల్లో పెట్టేశారు. వాళ్ళమ్మాయి వేణి పురిటికి పుట్టింటికొచ్చి కొడుకుని కన్నది. బారసాలకి అల్లుడుగారికి పట్టుబట్టలు పెడదామని ఈయన అంటే, ఆ పిల్ల అడ్డం పడిందట. "బట్టలొద్దు నాన్నా, ఆయన రోజూ బండి మీద తిరుగుతారు, మంచి హెల్మెట్టు, జాకెట్టు కొనిపెట్టు" అందట. అల్లుడు కిరణ్ భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పని చేస్తాడు. తెల్లారగట్ల బయల్దేరి చెరువు చెరువుకీ తిరగాలి.

నాకు ఆ పిల్ల మీద అక్కడికక్కడే గౌరవం కలిగింది. "సంతోషమండీ. అల్లుడుగారి తల కొలత చెప్పండి" అన్నాను.

"కొలతేంటండీ, ఉన్నవాటిలో పెద్దది ఇవ్వండి. ఆయ్."

"పెద్దది కాదండీ, సరిపోయేది కావాలి. ఒకసారి ఫోను చేసి అడగండి."

వీర్రాజుగారు నా ముఖంలోకి జాలిగా చూశారు. "అల్లుడికి ఫోను చేసి తల ఎంత అని అడుగుతామా అండీ? పంక్తిలో కూర్చున్న మనిషిని 'ఎంత వడ్డించమంటారు' అని అడుగుతామా? ఆకు నిండా పెట్టడమే కదా మర్యాద! సరిగ్గా సరిపోయేది పెడితే, మామగారు చేతులు ముడుచుకున్నాడని వాళ్ళవైపు వాళ్ళు అనుకోరూ?"

"అన్నం మిగిలితే ఆకులో ఉంటుందండీ. హెల్మెట్లో చోటు మిగిలితే తల పగులుతుంది."

నా నోరు మంచిది కాదని ముందే చెప్పానుగా. బారసాలకి సామాను కొంటున్న మనిషి ముందు అనాల్సిన మాట కాదది. వీర్రాజుగారు చటుక్కున లేచి నిలబడ్డారు. షావుకారుగారు గల్లాపెట్టె దగ్గరనుంచి పరుగున వచ్చి, నన్ను గోదాములోకి తోసి, తనే ఎక్స్‌ట్రా లార్జ్ హెల్మెట్టూ, దానికి తగ్గ జాకెట్టూ రంగు కాగితంలో చుట్టించి ఇచ్చి పంపారు. గోదాములోంచి నాకు వినిపించిన ఆఖరి మాట వీర్రాజుగారిదే, "కుర్రాడి తల మామూలుగానే ఉంటుందండీ, ఒక సైజు పెద్దదే ఇవ్వండి."

ఇది ఆయనొక్కరి జబ్బు కాదు. పిల్లాడికి చొక్కా కుట్టిస్తే మోకాళ్ళ దాకా కుట్టిస్తాం, చెప్పులు కొంటే వెనక రెండు వేళ్ళు పట్టాలి. మనవాళ్ళకి వదులంటే ప్రేమ, బిగుతంటే పిసినారితనం. కౌంటరు వెనక నిలబడేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకుని ఉండాలి.

లోపల తువ్వాలు

నెలా రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం చంటిపిల్లాడిని భుజాన వేసుకుని ఒకమ్మాయి కొట్లోకి వచ్చింది. రెండో చేతిలో సంచీ, అందులో మా హెల్మెట్టూ, జాకెట్టూ. హెల్మెట్ తిరగేస్తే లోపల ఒక తువ్వాలు కుక్కి ఉంది.

"బాబాయిగారండీ, నేను వీర్రాజుగారి అమ్మాయినండి, వేణి. పుట్టింటి నుంచి ఈమధ్యే భీమవరం వచ్చేశానండి. ఇది మా ఆయనకి బ్రేకు వేస్తే చాలు కళ్ళమీదకి దిగిపోతోందండి. అందుకని తువ్వాలు పెట్టుకుంటున్నారు."

"ఇన్నాళ్ళూ తువ్వాలు పెట్టుకుని తిరుగుతున్నాడా? వచ్చి మార్చుకోవచ్చు కదమ్మా!"

"ఆయన మార్చనంటున్నారండి. 'మామయ్యగారు అంత ప్రేమగా పెట్టారు, మారిస్తే బాధపడతారు' అంటారు. నాన్నకి చెబుదామంటే, అల్లుడికి సరిపోనిది పెట్టానని ఆయన నాలుగు రోజులు అన్నం మానేస్తారండి. నాన్న నొచ్చుకుంటారని ఈయన, ఈయనేమైనా అనుకుంటారని నాన్న. మధ్యలో నేను." ఆ పిల్ల బాబుని ఇంకో భుజానికి మార్చుకుంది. "తెల్లారగట్ల ఆయన బండి చప్పుడు వీధి మలుపు తిరిగినదగ్గర్నుంచి, మళ్ళీ తిరిగొచ్చేదాకా నాకు ఊపిరాడదండి. బాబు ఇప్పుడిప్పుడే వాళ్ళ నాన్నని గుర్తుపడుతున్నాడు బాబాయిగారూ."

వాడిన సరుకు మార్చడం మా కొట్లో లేదు. నేను షావుకారుగారి వైపు చూశాను. ఆయన పిల్లాడి వైపు చూస్తున్నారు. "నావైపేం చూస్తావయ్యా, మార్చు" అన్నారు.

కానీ మార్చడం అంత సులువా? వీర్రాజుగారు బారసాల నాడు ఆ హెల్మెట్‌కి పూజ చేయించారు. వెనకవైపు దేవుడి బొమ్మ స్టిక్కరు, ముందువైపు పసుపూ కుంకుమ బొట్లు. వచ్చినప్పుడల్లా తడిమి చూసుకుంటారట. కొత్తది అచ్చం అలాగే ఉండాలి. అదృష్టం కొద్దీ అదే రంగులో కిరణ్ కొలతకి సరిపోయే మీడియం దొరికింది. కొలత ఎలా వచ్చిందంటారా, అతను నిద్రపోతుంటే వేణి తన రిబ్బను చుట్టి తెచ్చింది.

వేడినీళ్ళ గుడ్డతో స్టిక్కరు ఊడదీసి కొత్తదానికి అంటించాను. తరవాత కుంకుమ కలిపి బొట్లు పెట్టబోయాను. నాకేం అలవాటండీ? మూడు బొట్లు పెట్టేసరికి షావుకారుగారు తలపట్టుకున్నారు.

"అవి బొట్లా రత్నం? శిలువలా ఉన్నాయి. ఇటియ్యి!" అని తుడిచేసి, కళ్ళజోడు సవరించుకుని, శ్రద్ధగా తనే పెట్టారు. పెళ్ళిలో బాసికం కట్టే మనిషిలాగ నాలుక కొంచెం బయటపెట్టి మరీ పెట్టారు. చాలారోజుల తరవాత వేణి అప్పుడు నవ్వి ఉంటుంది. జాకెట్టు కూడా రెండు సైజులు చిన్నది ఇచ్చాము. "ఇంట్లో గొడవైతే అంతా రత్నమే చేశాడని చెప్పమ్మా" అన్నారు షావుకారుగారు. అదీ ఆయన ధైర్యం.

అల్లుడుగారు ఒళ్ళు చేశారు

ఆ తరవాత కొద్దిరోజులకి వీర్రాజుగారు మా కొట్టు మెట్లెక్కుతుంటే, గోదాము తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను. చేతిలో ఒకటి కాదు, రెండు డబ్బాలు. ముఖం వెలిగిపోతోంది.

"రత్నంగారండీ, ఆ రోజు మీరేదో అన్నారు, నేనేదో అనుకున్నాను, మరిచిపోండి. వినండి ఈ ముక్క. నిన్న అల్లుడుగారిని జాకెట్టులో చూశాను. బారసాల నాడు గోనెసంచీలా వేలాడింది, ఇప్పుడు ఒంటికి అతుక్కుపోయింది! అల్లుడుగారు ఒళ్ళు చేశారండీ!"

షావుకారుగారు గబగబా పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగిపోతోంది.

"అంతా మా అమ్మాయి వంటేనండి" అని వీర్రాజుగారు పొంగిపోయారు. "హెల్మెట్టు కూడా బిగుతుగానే పడుతోంది. తలకి కూడా కండ పడుతుందా అండీ?"

"పడుతుందండీ" అన్నాను. ఇంకేమనను? "నేతి సరుకు తింటే మొదట అక్కడే పడుతుంది."

ఆ ఒక్క మాటకి పాపం కిరణ్ శిక్ష అనుభవించాడు. వారం వారం ఆత్రేయపురం నుంచి పూతరేకులు రావడం మొదలైంది. ఒళ్ళు చేసిన అల్లుడు చిక్కిపోకూడదు కదా!

కల్వర్టు దగ్గర

చేపల లోడుతో వెళ్ళే లారీల నుంచి నీళ్ళు కారి రోడ్డంతా జిగురుగా ఉంటుంది. మావైపు బండి నడిపేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఒక తెల్లవారుజామున కిరణ్ బండి ఆ నీళ్ళమీదే జారింది. మనిషి వెళ్ళి కల్వర్టు గోడకి తల కొట్టుకున్నాడు.

ఆ కబురు నాకు వేణి ఫోనులో చెప్పింది. మొదట ఏడుపు తప్ప ఇంకేం వినబడలేదు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. తరవాత మాట వచ్చింది, "బాగానే ఉన్నారండి. చెయ్యి ఒక్కటే విరిగింది. లేచి తనంతట తనే ఫోను చేశారండి." అప్పుడు నేనూ ఏడ్చాను. కౌంటరు దగ్గర గ్లవుజులు చూస్తున్న కుర్రాళ్ళిద్దరూ సరుకు వదిలేసి బయటికి వెళ్ళిపోయారు.

హెల్మెట్ మాత్రం పక్కన నిలువునా పగిలింది. మోచేతి ప్యాడు మీద గుడ్డ అరిగి చీలికలైంది. ఒక్కమాట ఇక్కడే చెప్పేస్తాను. దెబ్బ తిన్న హెల్మెట్ మళ్ళీ పెట్టుకోనివ్వకండి, పైకి బాగున్నా సరే. లోపలి మెత్త ఒకసారే పని చేస్తుంది. మన కిరణ్ హెల్మెట్ కూడా పారేయాల్సిందే. కానీ దాన్ని వీర్రాజుగారు తీసుకుపోయారు. ఆత్రేయపురంలో తన కొట్టు ముందర పీట వేసి, పీట మీద దాన్ని పెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నారట. "నేను పెట్టిన హెల్మెట్టు! ఒక సైజు పెద్దది తీసుకున్నాను కాబట్టి అల్లుడు దక్కాడు."

ఈ మాట నాకు ఎవరో నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

వ్యాను దిగిన మనుషులు

అనుకున్నంతా అయింది. ఒక ఉదయం మా కొట్టు ముందు వ్యాను ఆగింది. వీర్రాజుగారు దిగారు. ఆయన వెనక ఆత్రేయపురం మనుషులు దిగుతూనే ఉన్నారు, రోజూ బండ్ల మీద పూతరేకుల డబ్బాలు కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. దారిలో అమ్మాయిని కూడా ఎక్కించుకున్నారు. పిల్లాడిని ఎత్తుకుని అందరికంటే వెనక దిగిన వేణి ముఖం పాలిపోయి ఉంది.

"షావుకారుగారండీ! మా ఊళ్ళో ఒక్కడు కూడా ఇంక ఉత్త తలతో తిరగడానికి వీల్లేదు. అందరికీ ఇవ్వండి. అందరికీ ఒక సైజు పెద్దదే!"

వచ్చినవాళ్ళలో ఒకాయన దానికి శాస్త్రం కూడా చెప్పాడు. "లోపల గాలి ఆడుతుంది కదండీ, దెబ్బ ఆ గాలికి తగులుతుంది. తలదాకా రాదు." మిగతావాళ్ళు మరే, మరే అని తలలూపారు.

షావుకారుగారి కళ్ళు మెరిశాయి. అంత బేరం మా కొట్టుకి ఎన్నడూ రాలేదు. చెయ్యి దానంతటదే పెద్ద సైజు డబ్బాల వైపు వెళ్ళింది. నేను వెళ్ళి అరకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇవ్వనండి" అన్నాను.

"రత్నం!"

"కొలిచి ఇమ్మంటే ఇస్తాను. పెద్దది ఇమ్మంటే నేను ఇప్పుడే ఇంటికి పోతాను."

వీర్రాజుగారికి రోషం వచ్చేసింది. "మొదటిరోజు కూడా మీరు ఇదే అన్నారు. మీ మాట విని ఉంటే నా అల్లుడు ఉండేవాడా? నా మనవడికి తండ్రి ఉండేవాడా? చూడండర్రా, ఎంత హాయిగా ఉంటుందో!" అని, ఎక్స్‌ట్రా లార్జ్ ఒకటి తనే అందుకుని, కండువా తీసేసి, తలకి పెట్టుకుని, గడ్డం కింద కట్టు కూడా బిగించారు. తల ఇటూ అటూ తిప్పి అందరికీ చూపించారు. ఆయన తల ఎడమకి తిరిగితే హెల్మెట్ కాసేపాగి తిరిగింది.

వేణి నావైపు చూసింది. అది నేను చెప్పాల్సిన మాట కాదు. ఆ పిల్ల బాబుని తీసుకెళ్ళి షావుకారుగారి చేతుల్లో పెట్టేసింది. ఆయన బిత్తరపోయి రెండు చేతులతో పట్టుకున్నారు. వాడు నిమిషంలో ఆయన తెల్లచొక్కా తడిపేశాడు, అది వేరే సంగతి.

వేణి తండ్రి వెనకకి వెళ్ళి, రెండు చేతులూ హెల్మెట్ కింద పెట్టి, పైకి ఒక్క తోపు తోసింది. హెల్మెట్ ఆయన ముక్కుమీదుగా జారి ఊడి వచ్చేసింది. కట్టు కట్టినట్టే ఉంది.

కొట్లో నవ్వులు లేచి, వెంటనే ఆగిపోయాయి.

"నాన్నా, నువ్వు కొన్నది ఇది" అంది వేణి. "ఆయన్ని కాపాడింది ఇది కాదు. నేనే మార్చాను. బాబాయిగారు, షావుకారుగారు కలిసి బొట్లు పెట్టి మరీ చిన్నది ఇచ్చారు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

వీర్రాజుగారు కూతురి వైపు, నా వైపు, షావుకారుగారి వైపు చూశారు. షావుకారుగారు పిల్లాడి వెనక ముఖం దాచుకున్నారు.

"అల్లుడుగారికి తెలుసా?"

"తెలుసు నాన్నా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

ఆయన చాలా దిగులుగా, "అయితే అల్లుడుగారు ఒళ్ళు చెయ్యలేదా?" అని అడిగారు.

"లేదు నాన్నా. చిన్న జాకెట్టు అది."

వ్యానులో వచ్చినవాళ్ళు మళ్ళీ నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నారు. వీర్రాజుగారు వేణి చేతిలోంచి ఆ హెల్మెట్ తీసుకుని, కట్టు అలాగే ఉండగా లోపలికి చెయ్యి పోనిచ్చి చూశారు. వేళ్ళు, అరచెయ్యి, అన్నీ పోయాయి.

"బారసాల నాడు అక్షింతలు వేసి, ఇదేనా అమ్మా నేను ఆ అబ్బాయి తలమీద పెట్టింది?"

వేణి తండ్రి చెయ్యి పట్టుకుంది. నేను ఆయన కూర్చోవడానికి స్టూలు జరిపాను. ఆయన కూర్చున్నారు. ఊళ్ళో పెద్దరికం చేసే మనిషి, తన మనుషులందరి ముందూ తల వంచి, "కొలవమ్మా" అన్నారు.

నేను టేపు వేణికి ఇచ్చాను. నేర్పిస్తే శ్రద్ధగా కనుబొమ్మల పైన చుట్టి కొలిచింది. లార్జ్. అది తీసి నేనే తలకి పెట్టాను. బుగ్గలు రెండూ ముందుకి పొంగి, మీసం పైకి లేచి, మూతి సున్నాలా తయారైంది. కట్టు బిగించి, వెనకనుంచి వేణి తోసింది. కదల్లేదు. రెండు చేతులతో, ఉన్న బలమంతా పెట్టి తోసింది. ఆయన స్టూలుతో సహా ముందుకి జరిగారు కానీ హెల్మెట్ మాత్రం కదల్లేదు.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"చాలా బిగుతుగా ఉందమ్మా." ఆ బుగ్గల మధ్యనుంచి మాట సగమే బయటికి వచ్చింది. "అల్లుడుగారికీ ఇంత బిగుతుగానే ఉందా?"

"అవును నాన్నా, ఇంతే."

వీర్రాజుగారు కట్టు విప్పలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చేతులు పైకెత్తారు, అవి హెల్మెట్ అద్దానికి తగిలి ఆగిపోయాయి. అలాగే తన మనుషుల వైపు తిరిగి, "ఏంటర్రా చూస్తున్నారు? ఒక్కొక్కరూ వచ్చి ఇక్కడ కూర్చోండి. మా అమ్మాయి కొలుస్తుంది" అన్నారు.